చెవులపిల్లి పిక్కలో దేవుని పాఠం

సృష్టిలో ఆయన చేతిపని – నెలనెలా శీర్షిక



ఈ శీర్షికలో నెలనెలా దేవుడు చేసిన ఏదో ఒక ప్రాణిని తీసుకుని, అందులో ఆయన చేతిపనిని ధ్యానిస్తున్నాము. ఈ నెల చూడబోయేది సింహమూ కాదు, ఏనుగూ కాదు. మన చేలగట్ల మీద తిరిగే చెవులపిల్లి, మన ధాన్యపు బస్తాల కింద తిరిగే ఎలుక. వాటి ఒళ్ళంతా కూడా కాదు, కాళ్ళలోని కండ మాత్రమే. ఇంత చిన్న సంగతిలో ఏముంటుందని అనుకోవద్దు. ఆ కండ గురించి తెలుసుకున్నాక, మన ఇంట్లో మంచం మీద ఉన్న పెద్దవారిని మనం చూసే తీరు కొంత మారుతుందని నా నమ్మకం.

పల్నాటి చేలలో పరుగు

గురజాల వైపు నాపరాతి నేలల్లో గాని, మాచర్ల దాటి నల్లమల అడవి మొదలయ్యే చోట గాని, పొద్దుగూకే వేళ నడిచి వెళ్ళే వారికి చెవులపిల్లి కొత్త కాదు. మెడ వెనుక నల్లటి మచ్చ, పొడవాటి చెవులు, రెండు మూడు కిలోల బరువు. పగలంతా గడ్డిలో చిన్న గుంటలాంటి చోట ఒదిగి పడుకుంటుంది. మనం కాలు వేసే దాకా కదలదు. కదిలిందంటే మాత్రం కంటికి అందదు. సూటిగా పోకుండా అటొక గెంతు, ఇటొక గెంతు వేస్తూ పత్తి చేను దాటి పోతుంది.

ఈ అడవి కుందేలు వేరు, ఇళ్ళలో బోనులో పెంచే తెల్ల కుందేలు వేరు. పెంచే కుందేలు ఐరోపా నుంచి వచ్చిన జాతి. దాని పూర్వీకులు నేలలో బొరియ తవ్వుకుని బ్రతికేవి. ప్రమాదం వస్తే నాలుగు గెంతుల్లో బొరియలో దూరితే చాలు. అడవి కుందేలుకు బొరియ లేదు. దానికి ఆశ్రయం దాని కాళ్ళే. కుక్క వెంటబడితే కుక్క అలసిపోయే దాకా పరుగెత్తవలసిందే.

ఈ తేడా వాటి మాంసంలోనే కనబడుతుంది. పెంపుడు కుందేలు మాంసం తెల్లగా ఉంటుంది, అడవి కుందేలు మాంసం ముదురు ఎరుపు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే అడవి కుందేలు గుండె పెంపుడు కుందేలు గుండె కన్నా చాలా పెద్దది. దూరం పరుగెత్తవలసిన దానికి దూరానికి తగిన కండ, ఆ కండకు రక్తం పంపడానికి తగిన గుండె. ఇచ్చినవాడు అన్నీ లెక్క చూసే ఇచ్చాడు.

దాని కాలి కట్టుబాటును కూడా గమనించండి. బరువైన కండ అంతా నడుము దగ్గర, తొడ దగ్గర ఉంటుంది. కిందికి పోయే కొద్దీ కాలు సన్నబడి, పొడవాటి గట్టి నారల్లాంటి స్నాయువులు మాత్రం మిగులుతాయి. పాదం దగ్గర బరువు తక్కువైతే కాలిని గబగబా ముందుకు వేయడం తేలిక. కర్ర చివర రాయి కట్టి ఊపి చూడండి, అదే రాయి మీ పిడికిలి దగ్గర కట్టి ఊపి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. కుందేలు వెనుక కాళ్ళు ముందు కాళ్ళకన్నా పొడవు. అవి స్ప్రింగులా ముడుచుకుని ఒక్కసారిగా విచ్చుకుంటాయి.

ఇంకొక మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అడవి కుందేలును వేటాడటం నేరం. వల వేసే అలవాటున్న వారు ఎవరైనా ఉంటే మానుకోవాలి. దేవుని పాఠం నేర్చుకోవడానికి దానిని చంపనక్కరలేదు. మన వంటింట్లోని కోడి చాలు.

ఎర్ర కండ, తెల్ల కండ

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి కోడికూర వండే ప్రతి తల్లికీ ఈ సంగతి తెలుసు. కోడి రొమ్ము మాంసం తెల్లన, కాలి మాంసం ఎర్రన. కోడి రోజంతా నిలబడుతుంది, నడుస్తుంది, గీరుతుంది. అందుకు కాళ్ళు ఎర్రన. రెక్కలు ఎప్పుడో పిల్లి మీద పడ్డప్పుడు ఒక్క నిమిషం కొట్టుకుంటే చాలు. అందుకు రొమ్ము తెల్లన. పావురం రొమ్ము మాత్రం ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే అది దూరం ఎగురుతుంది.

కండను విప్పి చూస్తే అందులో వెంట్రుకలా సన్నని పోగులు వేల కొద్దీ ఉంటాయి. నూలు పోగులు కలిసి దారమైనట్టు, దారాలు కలిసి తాడైనట్టు, ఆ పోగులు కట్టలు కట్టలుగా చేరి ఒక కండ అవుతుంది. ఒక్కొక్క కట్టకు పల్చని పొర చుట్టి ఉంటుంది. కండ చివర ఆ పొరలన్నీ కలిసి స్నాయువుగా మారి ఎముకకు అతుక్కుంటాయి. మీ మడమ వెనుక చేయి పెట్టి చూడండి. గట్టిగా తాడులా తగిలేది అదే.

ఈ పోగులన్నీ ఒక్క తీరువి కావు. ఎర్ర పోగులు నెమ్మదిగా బిగుసుకుంటాయి, చాలాసేపు అలసిపోవు. రక్తంలోని ప్రాణవాయువును పట్టి ఉంచే మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం వాటిలో ఎక్కువ. చుట్టూ సన్నని రక్తనాళాలు కూడా ఎక్కువ. తెల్ల పోగులు ఒక్క క్షణంలో బలంగా బిగుసుకుంటాయి, కాని త్వరగా అలసిపోతాయి. ఈ రెండింటికీ నడుమ, వేగమూ ఓపికా కొంత కొంత ఉన్న పోగులు కూడా ఉన్నాయి.

ఈ తేడాను శ్రద్ధగా పరీక్షించి చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ రాన్వియే. 1873లో ఆయన కుందేలు కాలిలోని ఎర్ర కండను, తెల్ల కండను వేరువేరుగా విద్యుత్తుతో కదిలించి చూశాడు. తెల్లది చటుక్కున ఎగిరిపడింది, ఎర్రది నింపాదిగా బిగుసుకుంది. రంగులో తేడా పనిలో తేడాకు గుర్తు అని అలా రుజువైంది.

పిక్కలో రెండు ముఖ్యమైన కండలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన ఉబ్బెత్తుగా కనబడేది గాస్ట్రాక్నీమియస్. దాని కింద దాగి ఉన్నది సోలియస్. పైది గెంతడానికి, పరుగుకు ఎక్కువగా పనికివస్తుంది. కిందిది మనం ఊరకే నిలబడి ఉన్నా పని చేస్తూనే ఉంటుంది. ఎలుక సోలియస్‌లో పది పోగులు తీస్తే ఎనిమిదికి పైగా ఎర్రవే. పిల్లి సోలియస్‌లో దాదాపు అన్నీ ఎర్రవే. మనిషిలో కూడా ఎక్కువ భాగం ఎర్రవే. మెచ్చుకునే కంటికి పైది కనబడుతుంది. నిలబెట్టేది మాత్రం కనబడని కిందిది. సంఘంలో కూడా ఇలాంటివారు లేరా? పొద్దున్నే వచ్చి చాపలు పరిచేవారు, ఎవరూ చూడకుండా రోగుల కోసం ప్రార్థించేవారు.

చిన్న ప్రాణికి వేగం ఎందుకు?

ప్రాణి చిన్నదైన కొద్దీ దాని కండలో వేగం ఎక్కువ. చిట్టెలుక సోలియస్‌లో ఎర్ర పోగులు సగం కూడా ఉండవు. కారణం సులభం. ఎద్దు ఒక అడుగు వేసే దూరానికి చిట్టెలుక ఎన్నో అడుగులు వేయాలి. అంత పొట్టి కాళ్ళతో పిల్లిని తప్పించుకోవాలంటే అడుగు అడుగుకూ మధ్య వ్యవధి ఉండకూడదు. అందుకే దాని గుండె కూడా నిమిషానికి 500 నుంచి 600 సార్లు కొట్టుకుంటుంది. ఎలుకల కాళ్ళలో అన్నిటికన్నా వేగమైన ఒక రకం తెల్ల పోగు ఉంది. అది మనుషుల కాళ్ళలో కనబడదు. మనకు అది అవసరం లేదు. మనల్ని చేసినవాడు మనల్ని నిటారుగా నిలబడి చాలా దూరం నడిచేవారినిగా చేశాడు.

147వ కీర్తన రాసిన భక్తుడు గుర్రపు బలాన్ని, మనిషి కాళ్ళ సత్తువను పక్కపక్కన పెట్టి, వాటిని చూసి దేవుడు మురిసిపోడని, తనయందు భయభక్తులు గలవారిని చూసి ఆనందిస్తాడని చెబుతాడు. కాలి బలం దేవుడిచ్చిన దానమే, కాని దాన్ని చూసి గర్వించడానికి లేదు. పరుగులో చెవులపిల్లి మనల్ని ఎప్పుడో దాటిపోయింది.

మన తెలుగువాడు కనిపెట్టిన రహస్యం

పడుకున్న కుందేలు ఊపిరి తీసుకునే లోపలే లేచి దూకుతుంది గదా, ఆ మొదటి గెంతుకు శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన వారిలో మన తెలుగు బిడ్డ ఒకరున్నారు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోను, మద్రాసులోను చదివి, 1920లలో అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్ళారు. అక్కడ హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి కండలోని భాస్వరం గురించి పరిశోధించారు. 1927లో వారిద్దరూ ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని వెల్లడి చేశారు. 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని వారు, జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రజ్ఞుడు వేరువేరుగా కనుగొన్నారు.

ఏటీపీ అంటే చేతిలో ఉన్న చిల్లర డబ్బు లాంటిది. కండ బిగుసుకున్న ప్రతిసారీ అదే ఖర్చవుతుంది. చేతిలో ఉండేది కొంచెమే, రెండు మూడు క్షణాల్లో అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అంటే కొంగున కట్టుకున్న డబ్బు. చిల్లర అయిపోగానే ఆ ముడి విప్పి వెంటనే వాడుకోవచ్చు. దానితో ఇంకొన్ని సెకన్లు గడుస్తాయి. ఆ తరువాత తిన్న తిండిలోని చక్కెరను, కొవ్వును కరిగించి శక్తి చేసుకోవాలి. అది పంట అమ్మి డబ్బు తెచ్చుకోవడం లాంటిది, ఆలస్యమవుతుంది గాని చాలా రోజులు సాగుతుంది. తెల్ల పోగుల కొంగున డబ్బు ఎక్కువ. ఎర్ర పోగులకు పంట ఎక్కువ.

సుబ్బారావు గారు తరువాత మందుల పరిశోధనలో ఎంతో మేలు చేశారు. బోదకాలు వ్యాధికి నేటికీ ఇచ్చే డీఈసీ మాత్ర ఆయన నడిపించిన పరిశోధనశాలలోనే పుట్టింది. 1948లో ఆయన కన్నుమూశారు. బయటి దేశంలో పేరు లేకుండా పనిచేసిన ఈ మనిషిని మన పిల్లలకు తప్పక పరిచయం చేయాలి.

నరం మారితే కండ మారింది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఎర్ర కండ ఎర్రగా, తెల్ల కండ తెల్లగా ఉండటం పుట్టుకతోనే ఖాయమైపోయిందా? లేక ఏదైనా దాన్ని మార్చగలదా?

1960లో ఆస్ట్రేలియాలో బుల్లర్, జాన్ ఎకిల్స్, రోజమండ్ ఎకిల్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పిల్లి కాలి మీద ఒక పరీక్ష చేశారు. ఇక్కడ నరం అంటే రక్తనాళం కాదు. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండకు ఆజ్ఞ మోసుకొచ్చే తీగ. వారు నెమ్మది కండకు వచ్చే నరాన్ని, వేగపు కండకు వచ్చే నరాన్ని కోసి, ఒకదానిది ఇంకొకదానికి అతికించారు. కొన్ని నెలలకు నరాలు అతుక్కుని కండలు పని చేయడం మొదలుపెట్టాయి. చూస్తే, నెమ్మది కండకు వేగం వచ్చింది, వేగపు కండ నెమ్మదించింది. కండ అదే, దాని చోటు అదే. మారింది దానిని ఏలే నరం మాత్రమే. ఏలేవాడు మారేసరికి కండ స్వభావమే మారింది.

1969లో ఇంగ్లండులో సాల్మన్స్, వర్బోవా అనే ఇద్దరు మరొక అడుగు వేశారు. కుందేలు కాలిలోని వేగపు కండకు వచ్చే నరానికి, నెమ్మది కండకు వచ్చే సంకేతాలలాంటి చిన్న చిన్న విద్యుత్ సంకేతాలను వారాల తరబడి ఆగకుండా ఇచ్చారు. నరం మార్చలేదు, కోయలేదు. పిలుపు ఒక్కటే మార్చారు. ఆ కండ నెమ్మది కండ తీరుకు తిరిగింది. తరువాత చేసిన ఇలాంటి పరీక్షల్లో అలాంటి కండ ఎర్రబడిందని, దానిలో రక్తనాళాలు పెరిగాయని, అలసట తగ్గిందని తేలింది.

దీనికి హద్దులు లేకపోలేదు. పుట్టుకతో వచ్చిన గుణం పూర్తిగా చెరిగిపోదు. నరం మార్చిన సోలియస్‌కు వేగం వచ్చింది గాని, అది పూర్తిగా వేగపు కండ కాలేదు. అయినా పాఠం స్పష్టం. కండకు ఎలాంటి పిలుపు రోజూ వస్తుందో, కండ అలాంటిది అవుతుంది.

పిలుపు ఆగిపోతే

మరి పిలుపే రాకపోతే? పోలియో వచ్చిన బిడ్డ కాలు సన్నబడిపోవడం మన ఊళ్ళలో పెద్దవారందరూ చూసినదే. ఆ బిడ్డ కాలి కండలో తప్పేమీ లేదు. వెన్నుపాములో ఆ కండను పిలిచే కణాలను పోలియో క్రిమి చంపివేసింది. పిలిచేవారు లేక కండ ఎండిపోయింది. చుక్కల మందు పుణ్యమా అని మన దేశంలో ఈ వ్యాధి ఆగిపోయింది. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని ప్రాంతంలో భాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది. అయినా చుక్కలు వేయించడం మానకూడదు. ఇంకా కొన్ని దేశాల్లో ఆ క్రిమి ఉంది.

నరం బాగానే ఉండి, పని లేకపోయినా అదే జరుగుతుంది. అంతరిక్షంలోకి వెళ్ళినవారి కాళ్ళు ఎందుకు బలహీనపడతాయో తెలుసుకోవడానికి అమెరికా శాస్త్రజ్ఞులు 1970ల చివర నుంచి ఎలుకలను పరీక్షించారు. ఎలుక వెనుక కాళ్ళు నేలకు ఆనకుండా తోక దగ్గర పైకి ఎత్తి ఉంచుతారు. తింటుంది, ముందు కాళ్ళతో తిరుగుతుంది, వెనుక కాళ్ళ మీద మాత్రం బరువు పడదు. రెండు వారాలు గడిచేసరికి సోలియస్ కండ దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. అన్ని కండల్లోకీ ముందుగా, ఎక్కువగా కరిగేది అదే. రోజంతా మోసేది మోయడం మానేస్తే మొదట పోయేది అదే.

మన ఇంటి మంచం

ప్రియులారా, ఇప్పుడు ఎలుకను వదిలి మన ఇంటి వసారాలోకి రండి. అక్కడ మంచం మీద ఒక నాయనమ్మో, తాతయ్యో ఉన్నారు. పోయిన నెల జ్వరం వచ్చి తగ్గింది. కోడలు ఎంతో ప్రేమగా, "అత్తయ్యా, మీరు లేవబాకండి, మంచినీళ్ళు నేను తెచ్చిస్తాను" అంటుంది. కొడుకు, "అమ్మా, నువ్వు కదలబాక, పడితే ఎముక విరుగుతుంది" అంటాడు. మనుమరాలు పళ్ళెం మంచం దగ్గరకే తెస్తుంది. ఆ ఇంట్లో అందరికీ ప్రేమే, ఎవరిలోనూ నిర్లక్ష్యం లేదు. నెల తిరిగేసరికి మాత్రం ఆమె లేవాలన్నా లేవలేదు. "వయసు అయిపోయింది" అంటారు. సగం వయసు అయ్యుండవచ్చు. మిగతా సగం మంచమే.

ఇది నా మాట కాదు. 2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, సగటున 67 ఏళ్ళ వయసున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీదనే ఉంచారు. జబ్బేమీ లేదు, తిండికి లోటు లేదు. 10 రోజుల్లో వారి కాళ్ళలోనే దాదాపు ఒక కిలో కండ తగ్గింది. ఇక జబ్బు చేసి, సరిగా తినలేక పడుకున్నవారి సంగతి ఏమి చెప్పాలి?

వయసు మళ్ళిన కొద్దీ ముందుగా సన్నబడేవి వేగపు పోగులు. అందుకే పెద్దవారు నడవగలుగుతారు గాని, కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకోలేరు. పడతారన్న భయంతో మనం వారిని కదలనివ్వం. కదలకపోవడం వల్ల కండ ఇంకా కరిగి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అయితే ఇందులోనే శుభవార్త కూడా ఉంది. 1990లో బోస్టన్ నగరంలోని ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ళ వయసున్న కొద్దిమందికి 8 వారాలపాటు తొడ కండలకు బరువుతో వ్యాయామం చేయించారు. వారి కాలి బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర లేకుండా నడిచారు. తొంభై ఏళ్ళ కండ కూడా పిలిస్తే పలుకుతుంది!

మనం ఏమి చేయవచ్చు? పెద్ద ఖర్చు లేదు.

ఒకటి, గుండెజబ్బు, ఎముక విరగడం, ఆపరేషను వంటివి ఉన్నప్పుడు డాక్టరును అడిగి, ఆయన లేవవచ్చన్న రోజునే లేపండి. వద్దన్నప్పుడు ఆయన మాటే వినండి.

రెండు, కుర్చీలో నుంచి గాని, ఎత్తయిన మంచం మీద నుంచి గాని లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం, ఓపిక మేరకు అయిదు సార్లు, పొద్దున, సాయంత్రం. వీలైతే చేతుల ఆసరా కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇది తొడ కండలకు.

మూడు, గోడ పట్టుకుని నిలబడి మడమలు ఎత్తి దించడం. ఇది పిక్కలకు. పక్కన ఒకరు ఉండాలి.

నాలుగు, మంచినీళ్ళ చెంబు మంచం దగ్గర కాక నాలుగడుగుల దూరంలో పెట్టండి. నడిచే దారిలో తడి లేకుండా, రాత్రి దీపం ఉండేలా చూడండి.

అయిదు, పెద్దవారికి మెతుకులు మజ్జిగతో సరిపెట్టకండి. కండకు కండనిచ్చే తిండి కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు, ఏది వీలైతే అది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం, వారికి ఒక పని ఇవ్వండి. చిక్కుడుకాయలు వలిచే పని, కోళ్ళకు గింజలు చల్లే పని, సంధ్యవేళ పిల్లల్ని ప్రార్థనకు పిలిచే పని. "అమ్మా, నువ్వు రా" అని ఇంట్లోవారు పిలిచే పిలుపు చెవికి ఎంత తీపో, కండకు అంత బలం.

ఏ యజమాని పిలుపు?

పౌలు భక్తుడు రోమా సంఘానికి రాసిన పత్రిక 6వ అధ్యాయంలో, మనం ఎవరికి లోబడతామో వారికే దాసులమవుతామని వివరించాడు. పిల్లి కాలిలో నరం మార్చిన పరీక్ష చదివినప్పుడు నాకు ఆ అధ్యాయమే గుర్తుకు వస్తుంది. పాత నరం తెగిపోవాలి, కొత్త నరం అతకాలి. ఆ తరువాత కూడా మార్పు ఒక్క రోజులో రాలేదు, నెలలు పట్టింది. బాప్తిస్మము పొంది సంవత్సరమైనా కోపం పోలేదని, నోటి మాట మారలేదని దిగులుపడే సహోదరుడా, సహోదరీ, నిన్ను పిలిచేది ఇప్పుడు ఎవరో చూసుకో. ఆ పిలుపు రోజూ వింటున్నావా? కుందేలు కండ మారింది పెద్ద దెబ్బతో కాదు, చిన్న చిన్న సంకేతాలు ఆగకుండా రావడంతో. అనుదిన వాక్య పఠనం, అనుదిన ప్రార్థన అలాంటివే. పండుగనాడు మాత్రమే గుడికి వచ్చేవానికి తెల్ల కండ ఉంటుందేమో గాని, ఎర్ర కండ రాదు.

అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో దేవాలయపు ద్వారం దగ్గర కూర్చున్న కుంటివాని సంగతి మనకందరికీ తెలుసు. పుట్టినప్పటినుంచి నడవలేదు. వయసు నలభై దాటిందని 4వ అధ్యాయం చెబుతుంది. పది రోజుల మంచానికే కిలో కండ కరిగిపోతే, నలభై ఏళ్ళు ఒక్కసారి కూడా బరువు మోయని ఆ పిక్కల్లో ఏమి మిగిలి ఉంటుంది? పేతురు అతని చేయి పట్టి లేపగా, ఆ క్షణమే పాదాలకు, చీలమండలకు బలం వచ్చిందని లూకా రాశాడు. లూకా వైద్యుడు. ఎక్కడ బలం వచ్చిందో చోటు చెప్పి మరీ రాశాడు. అతడు నడవడమే కాదు, గెంతులు వేశాడు కూడా. ఎండిపోయిన ఎర్ర కండా, తెల్ల కండా రెండూ ఒక్క క్షణంలో ఇచ్చినవాడు మన ప్రభువు. శాస్త్రం తెలిసిన కొద్దీ ఆ అద్భుతం మనకు చిన్నది కాదు, ఇంకా పెద్దదవుతుంది.

ప్రభువు కొరకు కనిపెట్టుకునే వారికి యెషయా 40వ అధ్యాయం చివర ఇచ్చిన వాగ్దానంలో మొదట ఎగరడం ఉంది, తరువాత పరుగు ఉంది, చివర నడక ఉంది. నడక చివర పెట్టడం నాకు ఎంతో ఆదరణగా ఉంటుంది. యౌవనంలో పరుగెత్తే కృప వేరు, ముసలితనంలో సొమ్మసిల్లకుండా నడిచే కృప వేరు. 1842లో గుంటూరుకు వచ్చి, 1849లో మన గురజాలలో సేవ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ గారు, 1869లో 76 ఏళ్ళ వయసులో మూడోసారి సముద్రం దాటి, రాజమండ్రిలో సేవ నిలబెట్టడానికి వచ్చారు. ఆ వయసులో కూడా పిలుపు వినబడింది, లేచి నడిచారు.

మన ఇళ్ళలోని పెద్దలకు కూడా పిలుపు రావాలి. వారికి ఆ పిలుపు మన నోటి ద్వారా వచ్చేలా ప్రభువు సహాయం చేయును గాక. ఈ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు మంచం దగ్గరకు చాప తీసుకుపోకుండా, వీలైతే చేయి పట్టుకుని వారినే చాప దగ్గరకు నడిపించండి.

ప్రార్థన: తండ్రీ, చెవులపిల్లికి పరుగును, మాకు నడకను ఇచ్చినందుకు స్తోత్రం. మా పెద్దల కాళ్ళకు బలమివ్వుము. వారి చేయి పట్టుకునే ఓపిక మాకు దయచేయుము. దినదినము నీ పిలుపు వినే హృదయము మాకిమ్మని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.